ఒకే దబరలో ఆరు పూలు

ఓబులేసు అలసిపోయాడు.

ఎండలో తిరిగొచ్చిన అలసటైతే ఒక నిద్రతో పోతుంది. ఇది అది కాదు. పద్నాలుగేళ్ళుగా రోజుకింత చొప్పున ఒంట్లో పేరుకున్నది. పొద్దున లేచి కాళ్ళు నేల మీద పెట్టగానే, ఈరోజు కూడానా అని మడమలు అడిగేవి.

అతను పూలసాయెబు శిష్యుడు. సాయెబు అసలు పేరు జమాల్ షా. కానీ ఆ పేరు చెబితే ఆ చుట్టుపక్కల దారి చూపించేవాళ్ళు ఉండరు. నల్లమల కొండలు దక్షిణానికి వచ్చి వచ్చి, ఓపిక తగ్గి, చివరికి గుట్టలుగా మిగిలిపోయే చోట ఒక గుట్ట నడుమ ఆయన తకియా. తకియా అంటే ఫకీరు ఉండే చోటు. రెండు గదులు, ముందు బోదగడ్డి కప్పిన పందిరి, పందిరి కింద వరసగా ఆరు పొయ్యిలు, గోడవారన మూతికి గుడ్డ కట్టిన ఆరు కుండలు. సమాధి లేదు, జెండా లేదు. ఎవరైనా తాయెత్తు అడిగితే, నా దగ్గర దారం లేదు అనేవాడు. ఆయన ఇచ్చేది ఒక్కటే. పూలు కాచిన నీళ్ళు.

ఆ పూలన్నీ గుట్ట మీదా, గుట్ట చుట్టూ ఎవరూ నాటకుండా పెరిగేవే. తంగేడు ఒంట్లో వేడికి, తీరని దాహానికి, చక్కెర జబ్బుకు. కడుపు జారుతుంటే పట్టి ఉంచేదీ అదే. తుమ్మి జలుబుకు, పాతబడ్డ దగ్గుకు. మోదుగ మూత్రంలో మంటకు. మోదుగ వేస్తే నీళ్ళలోకి కాషాయం రంగు దిగుతుంది, అందుకని ఏ జబ్బూ లేని పిల్లలు కూడా అదే కావాలని ఏడ్చేవాళ్ళు. రేల మలబద్ధకానికి. శంఖుపూలు నిద్ర రానివాళ్ళకు. ఇప్ప నీరసానికి, పాలు చాలని బాలింతలకు.

ఇప్పపూలు కోయరు, ఏరుకుంటారు. తెల్లారేసరికి చెట్టు తనే రాలుస్తుంది. ఆ సంగతి ఎలుగుబంట్లకు కూడా తెలుసు. ఓబులేసు రెండుసార్లు ఒక బండ వెనక నక్కి కూర్చుని, ఎలుగుబంటి కడుపు నిండిందాకా ఆగి, మిగిలినవి ఏరుకొచ్చాడు. ఆ ఇప్పనీళ్ళు తాగిన బాలింతకు ఆ సంగతి తెలియదు. తెలియాల్సిన పనీ లేదు.

ఇవన్నీ నిజంగా పనిచేస్తాయా అంటే నేను వైద్యుణ్ణి కాను. మా నాయనమ్మ వేసవిలో తంగేడు పూరేకులు పెసరపప్పులో వేసి వండేది. ఎందుకని అడిగితే, తిను అనేది. నాకు తెలిసిన శాస్త్రం అంతవరకే.

పని మాత్రం చిన్నది కాదు. తంగేడు ఎండ ముదరకముందే కోయాలి. ఒక చెట్టుకు మూడు కొమ్మలుంటే రెండిటి జోలికే పోవాలి, మూడోది తేనెటీగలది. కోసినవి నీడలో ఆరబెట్టాలి. ఎండలో వేస్తే రంగు ఎగిరిపోయి గడ్డి మిగులుతుంది. ఏ పువ్వు కుండ దానిదే, ఏ పువ్వు గిన్నె దానిదే. తంగేడుకు మూడు పొంగులు రావాలి. తుమ్మిని ఒక్క పొంగుకే దించాలి. శంఖుపువ్వును అసలు పొయ్యెక్కించకూడదు, కాగిన నీళ్ళు దాని మీద పోసి మూత పెట్టాలి.

ఇంకొక పద్ధతి ఉంది. గ్లాసు చేతికిచ్చేటప్పుడు ఇచ్చేవాడు పువ్వు పేరు చెప్పాలి. పుచ్చుకున్నవాడు ఆ పేరు తిరిగి చెప్పి తాగాలి. తంగేడు అని ఇతను, తంగేడు అని అతను. అంతే. సాయెబు గురువు పెట్టిన పద్ధతి అది. ఎందుకని అడిగినవాళ్ళతో, చచ్చి నీకు పనికొచ్చేదాని పేరైనా తెలుసుకోకుండా తాగుతావా అనేవాడట.

ఓబులేసు ఇక్కడికి నేర్చుకోవడానికి రాలేదు. ఇరవైనాలుగేళ్ళప్పుడు కడుపు జారి, ఒంట్లో నీరంతా పోయి, ఎద్దులబండిలో పడుకోబెట్టి తెస్తే వచ్చాడు. సాయెబు తొమ్మిది రోజులు తంగేడు నీళ్ళు తాగించాడు. పదోరోజు లేచి నడిచాడు. బండి తోలుకొచ్చిన మేనమామ, పద పోదాం అంటే, నువ్వు పో మామా అన్నాడు. ఎందుకన్నాడో అతనికే సరిగా తెలియదు.

మొదటి పన్నెండేళ్ళూ బాగానే గడిచాయి. రోజుకు ఇరవైమంది వస్తే ఎక్కువ. అందులో సగంమంది పాతవాళ్ళే. వాళ్ళలో చెన్నప్ప అని రిటైరైన బస్సు కండక్టరు ఒకడు. చక్కెర జబ్బు మనిషి. వరసలో నిలబడ్డవాళ్ళను అలవాటు కొద్దీ ముందుకు జరగండి, ముందుకు జరగండి అని తోస్తుండేవాడు. తంగేడు నీళ్ళు తాగిన ప్రతిసారీ మొహం చిట్లించి, పాలు లేకుంటే పోయె, ఒక బెల్లం ముక్కైనా వెయ్యప్పా అనేవాడు. నీకుండేదే చక్కెర జబ్బు గదా అని ఓబులేసు అంటే, జబ్బు ఒంటికి గానీ నాలికకు కాదప్పా అనేవాడు.

తర్వాత గుట్ట కిందికి బస్సు వచ్చింది. బస్సుతోపాటు ఒక రేకుల షెడ్డు, షెడ్డులో టీ అంగడి వచ్చాయి. కొత్తగా వచ్చేవాళ్ళు ఆ టీ తాగి పైకెక్కి, ఈ నీళ్ళను పూలటీ అనడం మొదలుపెట్టారు. రోజుకు అరవై డెబ్భైమంది వచ్చేవాళ్ళు. గురువారమైతే రెండు వందలు. అదే కాలంలో సాయెబు కళ్ళకు పొరలు కమ్మాయి. గుట్టెక్కడం అంతకు ముందే మానేశాడు. ఇప్పుడు పందిరి పక్కన, మొండిగోడ వెనక నులకమంచం మీద పడుకుని ఉండేవాడు. కోయడం, ఆరబెట్టడం, కట్టెలు తేవడం, నీళ్ళు మోయడం, కాచడం, ఏం బాధని అడగడం, పోయడం, గ్లాసులు కడగడం, అన్నీ ఓబులేసే.

వైశాఖంలో ఒక గురువారం. ముందురోజు అకాలపు వాన పడి కట్టెలు నానిపోయాయి. ఆరు పొయ్యిల్లో నాలుగు పొగ తప్ప మంట ఇవ్వడం లేదు. ఊది ఊది ఓబులేసు కళ్ళు ఎర్రబడ్డాయి. వరస పందిరి దాటి, మెట్లు దాటి కిందికి పోయింది. ఎవరో, ఏమప్పా బస్సు పోతాది అన్నారు. ఇంకెవరో, వీళ్ళకు మన కష్టం యాడ తెలుస్తాది అన్నారు. ఓబులేసు ఒక నిమిషం అట్లాగే గొంతుక్కూర్చున్నాడు. తర్వాత లేచి, ఏటా సాయెబు గురువు పేరు మీద ఉరుసు నాడు అన్నం వండే పెద్ద దబర బయటికి లాగాడు. మండుతున్న రెండు పొయ్యిల నిప్పూ ఒక చోటికి చేర్చాడు. దబర నిండా నీళ్ళు పోసి, ఆరు కుండల నుంచీ ఆరు దోసిళ్ళు అందులో వేశాడు.

ఎవరో ఒకరు అడుగుతారనుకున్నాడు. అడిగితే క్షమించమనడానికి మాట కూడా సిద్ధం చేసుకున్నాడు. ఎవరూ అడగలేదు.

గ్లాసు అందించేటప్పుడు ఏ పేరు చెప్పాలో తెలియలేదు. ఆరు పేర్లు చెప్పడానికి నోరు రాలేదు. తాగు అన్నాడు. వాళ్ళు తాగారు.

మరుసటి రోజు కట్టెలు ఆరాయి. అయినా అతను దబరే పెట్టాడు. ఆ తర్వాత కుండల్లోవి ముందుగానే గోనెసంచిలో గుమ్మరించి కలిపేశాడు. పొద్దున లేచి ఇంత తీసి దబరలో పడేస్తే సరిపోయేది. మధ్యాహ్నం దాటే పని పదిగంటలకే అయిపోయేది. ఏం బాధని అడగడం కూడా తగ్గింది. ఏదైనా పోసేది ఒకటే కదా. విచిత్రమేమిటంటే, పని తగ్గినకొద్దీ అలసట పెరిగింది. తీరిక దొరికిన వేళంతా గోడకు ఆనుకుని కూర్చునేవాడు. కూర్చోవడానికి కూడా ఓపిక లేనట్టు ఉండేది.

చెన్నప్ప టౌనుకు పోయి రక్తపరీక్ష చేయించుకొచ్చాడు. చక్కెర తగ్గిందట. ఇదివరకటికంటే ఇప్పుడు టీ బాగా కాస్తాండావప్పా, చేదు కూడా తగ్గింది అని మెచ్చుకున్నాడు. సాలమ్మ అని, భర్త పోయినప్పటి నుంచీ నిద్ర లేని మనిషి ఒకామె వచ్చేది. ఆమె వచ్చి, నాలుగు రోజులుగా కోడి కూసిందాకా తెలివి లేదు నాయనా, నీ చెయ్యి చల్లగుండా అని అతని చేతులు పట్టుకుంది. ఓబులేసు ఆ చేతులు వెనక్కి తీసుకున్నాడు.

ఇట్లా ఐదు వారాలు నడిచాక, ఒక గురువారం ఒక తల్లి మూడేళ్ళ ఆడపిల్లను భుజాన వేసుకుని వచ్చింది. పిల్ల మెడ వాలిపోయి ఉంది. నిన్నటి నుంచీ పది విరేచనాలంట. తల్లి చెబుతుండగానే ఓబులేసు చెయ్యి దబరలో ముంచి గ్లాసు నింపింది, ఆమె చేతికి ఇచ్చింది, ఆమె పిల్ల నోటికి ఆనించింది. వరస ముందుకు జరిగింది. ఇంకో నలుగురికి పోశాక అప్పుడు గుర్తొచ్చింది, దబరలో రేల ఉందని. జారే కడుపుకు ఇంకా జారే పువ్వు. తలెత్తి చూస్తే తల్లీ పిల్లా లేరు. బస్సు దాకా పరుగెత్తాడు. బస్సు వెళ్ళిపోయింది.

వాళ్ళది ఏ ఊరో అతను అడగలేదు. పేరు అడగలేదు.

ఆ వారం ఓబులేసు ఎట్లా గడిపాడో చెప్పడం కష్టం. అన్నం ముందు కూర్చుంటే పిల్ల మెడ కనిపించేది. ఎద్దులబండిలో తన మెడ కూడా అట్లాగే వాలి ఉండాలి. అయినా పొద్దున లేచి సంచిలోవే దబరలో వేసేవాడు. విడిగా కాచడానికి విడిగా ఉన్న పూలు ఒక్క కుండలోనూ లేవు.

మరుసటి గురువారం ఆ తల్లి మళ్ళీ వచ్చింది. పిల్ల ఆమె చెయ్యి విడిపించుకుని ముందే మెట్లెక్కి వస్తోంది. ఆ సాయంత్రానికే కట్టుకునిందన్నా అని తల్లి చెప్పింది. చేనులో కాసిన రెండు దోసకాయలు అతని ముందు పెట్టి, నేలకు తల ఆనించి దండం పెట్టింది.

ఓబులేసు పిల్ల వైపు చూశాడు. పిల్ల బతికింది. సంతోషించాలి. సంతోషం వచ్చింది కూడా, దాని వెనకే ఇంకొకటి వచ్చింది. పిల్ల చచ్చిపోయి ఉంటే తప్పు తనదని ఎవరికీ తెలిసేది కాదు. బతికినా ఎవరికీ తెలియలేదు. ఇక తను పద్నాలుగేళ్ళు నేర్చుకున్నది దేనికి?

శుక్రవారం వరస ఉండదు. మధ్యాహ్నం అతను రెండు పంచెలు, ఒక దుప్పటి మూటగట్టుకుని మొండిగోడ వెనక్కి పోయాడు.

"బాబా, నేను పోతాను."

సాయెబు లేచి కూర్చోలేదు. ఎక్కడికని అడగలేదు.

"అన్నం తిన్నావా?"

"తిన్నాను."

"అయితే చెప్పు."

ఓబులేసు అంతా చెప్పాడు. కట్టెలు నానిన రోజు నుంచి మొదలుపెట్టి దోసకాయల దాకా. తనను తాను వెనకేసుకు రాలేదు. తన అక్క వాళ్ళ ఊళ్ళో శనక్కాయల పని దొరుకుతుందని, ఆ పనిలో ఎవర్నీ మోసం చేసే అవసరం రాదని కూడా చెప్పాడు. సాయెబు కప్పు వైపు మొహం పెట్టి విన్నాడు.

"ఒక్కరికీ తెలీలేదు బాబా. తేడా ఒక్కరికన్నా తెలీలేదు. మీక్కూడా రోజూ అదే ఇచ్చినా."

"ఇచ్చినావు," అన్నాడు సాయెబు. "పేర్లు వినపడక నలభై రోజులు దాటింది."

ఓబులేసు గోడ వైపు చూశాడు. మొండిగోడ నడుము ఎత్తే. ఇవతల ఏ మాటన్నా అవతల వినిపిస్తుంది. ఆ సంగతి అతనికి ఇన్నాళ్ళూ తట్టలేదు.

"తెలిసీ ఎందుకు అడగలేదు?"

"నువ్వు అలసిపోయినావు. నేనూ అలసిపోయినా. ఎవరు ఎవర్ని అడగాల నాయనా?"

"రుచిలో తేడా తెలిసిందా మీకు?"

"లేదు," అన్నాడు.

అదే ఓబులేసును ఎక్కువ కుంగదీసింది. తిట్టి ఉంటే ఎంతో తేలికయ్యేది. చెన్నప్పకు తెలియకపోతే ఏమైంది, వాడు బెల్లం అడిగే మనిషి. ఆరు పూలూ వేలితో ముట్టుకుని, వాసన చూసి చెప్పగలిగిన మనిషికి కూడా తెలియలేదు. ఓబులేసు వంగి సాయెబు పాదాలకు మొక్కి, మూట చంకన పెట్టుకున్నాడు.

"ఆ సంచిలో ఇంకా ఉండాయా?" అని అడిగాడు సాయెబు.

సగానికి పైగా ఉన్నాయని చెప్పాడు.

"పోయేముందు ఇన్ని తెచ్చి ఈ చేటలో పొయ్యి. నా మంచం పందిట్లోకి జరుపు. ఒక పంచె పరుచు."

నాలుగింటికి బస్సు. ఇంకా టైముంది. అడిగింది చేసిపెట్టి పోదామనుకున్నాడు ఓబులేసు. మంచం జరిపాడు, పంచె పరిచాడు, సాయెబును లేపి కూర్చోబెట్టి, చేట నింపి ఒళ్ళో పెట్టాడు. మూట చంకనే ఉంది. పందిరి గుంజకు ఆనుకుని నిలబడ్డాడు.

సాయెబు చేటలో చెయ్యి పెట్టి ఒక రేకు తీశాడు. వేళ్ళ మధ్య నలిపాడు, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు, వంగి పంచె మీద ఒక మూలన వేశాడు. ఇంకొకటి తీశాడు. ఇంకో మూలన వేశాడు. ఒక్కొక్కటిగా, తొందర లేకుండా. మధ్యమధ్య నడుం పట్టేస్తే ఆగి, ఊపిరి తీసుకుని మళ్ళీ మొదలుపెట్టేవాడు. గోనెసంచెడు పూలు ఆ లెక్కన ఏరాలంటే వానాకాలం అయిపోతుంది. ఓబులేసుకు జాలి వేసింది. చూడలేక మొహం తిప్పుకున్నాడు. తిప్పుకుని, మళ్ళీ చూశాడు.

ఆరు కుప్పలు తయారయ్యాయి. అందులో నాలుగింటికి కళ్ళు అక్కర్లేదు. ఎండిన ఇప్ప కిస్మిస్‌లా ముడుచుకుని వేళ్ళకు అంటుకుంటుంది. మోదుగ చిలక ముక్కులా వంకర తిరిగి ఉంటుంది. తుమ్మి గింజంత. శంఖుపువ్వు పల్చటి కాగితం.

చిక్కంతా మిగిలిన రెంటితోనే. తంగేడు, రేల. రెండూ పసుపే. ఎండితే రెండూ ఒకే మట్టిరంగుకు దిగుతాయి. మా కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పినాయన ఈ రెంటినీ బోర్డు మీద పక్కపక్కన రాసి, ఒకే కుటుంబమని బ్రాకెట్టు గీసేవాడు. పరీక్షలో మేమూ అట్లాగే గీసి మార్కులు తెచ్చుకున్నాం. కానీ ఒకటి కడుపును పట్టి ఉంచేది, ఇంకోటి వదిలించేది. ఆ సంగతి బ్రాకెట్టులో ఉండదు. పచ్చిగా ఉన్నప్పుడు చెట్టును చూసి ఎవరైనా చెబుతారు. ఎండిన రేకును చూసి చెప్పడమంటే అది వేరు. తంగేడు రేకు అంచు ముడతలు పడి ఉంటుంది, కాస్త దళసరి, ఈనెలు కొంచెం ఎర్రగా ఉంటాయి. రేల రేకు వెడల్పు, అంచు నున్నన. రెండూ నలిగి, విరిగి, చేటలో కలిసిపోయాక ఆ తేడాలు కూడా సగమే మిగులుతాయి. మిగతా సగం చూసే మనిషిలో ఉండాలి.

సాయెబు ఒక రేకు తీసి, వాసన చూసి, తంగేడు కుప్పలో వేశాడు.

అది రేల.

ఓబులేసు చూశాడు. పెద్దాయన, ఒక రేకు తప్పిపోతే పోయింది. ఎట్లాగూ దబరలోకి పోయేవే. సాయెబు ఇంకో రెండు రేకులు వేశాడు, అవి సరిగానే పడ్డాయి. ఓబులేసు చూపు మాత్రం ఆ ఒక్క రేకు మీదే ఉంది. పంట్లో ఇరుక్కున్న పీచులాగా అది అక్కడ ఉంది. గాలికి కుప్ప కొంచెం కదిలింది, రేకు లోపలికి జారబోయింది. అతను వంగి దాన్ని తీసి రేల కుప్పలో పెట్టాడు. మళ్ళీ గుంజ దగ్గరికి పోయి నిలబడ్డాడు.

సాయెబు తలెత్తలేదు. కొంతసేపటికి ఒక తంగేడు రేకు రేల కుప్పలో పడింది. ఓబులేసు మళ్ళీ వంగాడు. ఈసారి వెనక్కి పోలేదు, అక్కడే గొంతుక్కూర్చున్నాడు. ఇంకోటి పడింది. అతని చెయ్యి పోయింది. ఇంకోటి. కాసేపటికి మూట అడ్డమొచ్చింది. దాన్ని తీసి పక్కన పెట్టాడు. పెట్టినట్టు అతనికి తెలియదు.

కింద బస్సు వచ్చింది. పోయింది.

పందిరి నీడ గోడ ఎక్కే వేళకు సాయెబు చెయ్యి ఆపాడు. నుదురు తుడుచుకున్నాడు.

"ఇప్పుడు వేసింది ఏది?"

"రేల."

"యాడ వేసినా?"

"తంగేట్లో."

"దాని ముందరిది?"

"అదీ తప్పే బాబా. తీసి పెట్టినా."

సాయెబు వేళ్ళు పంచెకు రుద్దుకున్నాడు. "నాకు ముక్కు పోయి రెండేండ్లయింది," అన్నాడు. "నాలిక కూడా దాంతోనే పోయింది. ఆ నాలుగూ చేతికి తెలుస్తాయి. ఈ రెండూ తెలీవు. ఎట్ల వస్తే అట్ల వేస్తాండా."

ఓబులేసు ఆయన మొహం వైపు చూశాడు. ఈ రెండేళ్ళలో కోసి ఆరబెట్టిన ప్రతి పువ్వూ, కుండకెత్తే ముందు, దోసిట్లో పట్టుకెళ్ళి ఆ ముక్కు దగ్గర పెట్టేవాడు. ఎండలో ఆరలేదు కదా, వేరేది కలవలేదు కదా అని అడిగేవాడు. ఆయన ఊపిరి లోపలికి పీల్చి, కళ్ళు మూసుకుని, బాగుండాది అని తలూపేవాడు. ఆ తలూపు కోసమే ఒక్కోసారి సగం కోత పారబోసి మళ్ళీ గుట్టెక్కిన రోజులున్నాయి.

"మరి మీరు వాసన చూసి తలూపేవాళ్ళు?"

"నువ్వు తెచ్చినావు గదా."

గుట్ట మీద నుంచి వేడిగాలి ఒకటి దిగొచ్చి పంచె అంచులు లేపింది. ఓబులేసు రెండు చేతులూ చాచి ఆరు కుప్పలకూ అడ్డం పెట్టాడు. గాలి పోయాక కూడా చేతులు తీయలేదు.

సాయెబు తడుముకుంటూ చేటను మంచం అంచు దాకా జరిపాడు.

"ఉండావా?" అని అడిగాడు.

ఓబులేసు చేటను తన ఒళ్ళోకి తీసుకున్నాడు.

"అయితే నేను కాసేపు పడుకుంటా నాయనా," అని సాయెబు గోడ వైపు తిరిగాడు.